ఇస్త్రీ దుకాణం తెరిచిన అర్ధగంట

మొన్న రాయచోటిలో బ్యాంకుకు వెళ్ళినప్పుడు నా వేలిముద్ర ఆ చిన్న మిషను మీద పడలేదు. కౌంటర్లో కూర్చున్న అమ్మాయి ఓపికగలది, విసుక్కోకుండా నా వేలు గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టించింది, అప్పటికీ పడకపోతే, వయసు పైబడితే గీతలు అరిగిపోతాయి పెద్దమ్మా, ఇంకో వేలు పెట్టండి అంది. నేను ఒక్కొక్క వేలూ ఆనిస్తూనే ఉన్నాను గానీ మనసు మాత్రం అక్కడ లేదు. పది వేళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి అద్దం మీద ఒత్తి, ఇక ఆ దేశంలో అడుగుపెట్టే వీలు లేకుండా వెళ్ళిపోయిన ఒక మనిషి గుర్తుకొచ్చాడు. ఇంటికి వచ్చాక కూడా ఆ రోజంతా అన్నం సహించలేదు. ఈ సంగతి ఎవరికైనా చెప్పుకుంటే బాగుండునని చాలా ఏళ్ళుగా అనిపిస్తోంది. మీలో భర్త వెంట గల్ఫ్ దేశాలకు వెళ్ళి కాపురం చేసివచ్చిన నా ఈడువాళ్ళు ఉంటే, వాళ్ళకు నేను ఎక్కువ వివరించనక్కరలేదు.

మా ఆయన ఖర్జూరపు తోటలకు నీళ్ళు తోడే మోటార్లు, పంపులు బాగుచేసే పనిలో సౌదీ వెళ్ళారు. పెళ్ళయిన నాలుగేళ్ళకు నన్నూ, చంకలో ఉన్న మా పెద్దపాపనూ తీసుకుపోయారు. సౌదీ అంటే అద్దాల మేడలూ, వెడల్పు రోడ్లూ ఊహించుకుని విమానం ఎక్కిన నేను, ఉనైజా పట్టణం దాటి ముప్పావుగంట ప్రయాణం చేశాక కారు ఆగిన చోటు చూసి, ఇంకా ఎంత దూరమండీ అని అడిగాను. ఇదేనన్నారు మా ఆయన. చుట్టూ ఖర్జూరపు తోటలు, ఒక మసీదు, పాతకాలపు మట్టిగోడల ఇళ్ళు కొన్ని, వాటి పక్కన కొత్త సిమెంటు ఇళ్ళు, మధ్యన ఒకే ఒక్క వీధి. ఆ వీధికి ఆరు షట్టర్లు. అవి తెరిస్తే ఊరు మేలుకున్నట్టు, అవి మూస్తే ఊరు పడుకున్నట్టు.

ఒకటి కర్నూలు వైపు నుంచి వచ్చిన మామ నడిపే బఖాలా, అంటే మన చిల్లరకొట్టు లాంటిదే. అందరికీ ఆయన మామే, మా పిల్లలకూ మామే. రెండోది అఫ్ఘనీ ముసలాయన రొట్టెల బట్టీ. మూడోది పాకిస్తానీ క్షవరశాల. నాలుగోది వారానికి రెండు రోజులు మాత్రమే డాక్టరు వచ్చే దవాఖానా. ఐదోది పంపుల సామాన్లు, పైపులు పెట్టుకునే మా ఆయన కంపెనీ గది. ఆరోది మా ఇంటికి సరిగ్గా ఎదురుగా, మెట్‌పల్లి వైపు నుంచి వచ్చిన అన్న నడిపే ఇస్త్రీ దుకాణం.

తెలుగు కుటుంబాలు నాలుగే ఉండేవి. తోటల్లో రేకుల గదుల్లో మాత్రం ముప్ఫై మంది దాకా మగవాళ్ళు ఉండేవారు, ఎక్కువమంది జగిత్యాల, నిర్మల్, నిజామాబాదు వైపు వాళ్ళు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక మామ కొట్టు ముందు వాళ్ళంతా చేరేవారు. ఊరికి పోయేవాళ్ళ పెట్టెలు కట్టడం, ఊరి నుంచి వచ్చినవాళ్ళ పచ్చళ్ళు పంచుకోవడం, ఎవరి తమ్ముడికో పెళ్ళయిందంటే అందరికీ చాయ్ పోయించడం, అన్నీ ఆ కొట్టు అరుగు మీదే జరిగేవి. నేను పదో తరగతి తెలుగు మీడియంలో చదివి, కొంత ఇంగ్లీషు కూడా రాయగలిగినదాన్ని కావడంతో, పాస్‌పోర్టు కాగితాలు నింపడం, ఇంటికి ఉత్తరం రాయడం లాంటి పనులు క్రమంగా నా నెత్తిన పడ్డాయి. నేను మా ముందుగది పరదా వెనక కూర్చునేదాన్ని, వాళ్ళు బయట మెట్టు మీద కూర్చుని చెప్పేవారు. ముఖం తెలియని మనుషుల ఇళ్ళలో ఆవు ఈనిందో, అత్తకు కీళ్ళనొప్పులో, అన్నీ నాకు తెలుసు. మా ఇంట్లో మేము మాట్లాడేది ఉర్దూ, వాళ్ళ తెలుగుకూ నా కడప తెలుగుకూ కూడా ఎంతో తేడా, అయినా ఆ మెట్టు దగ్గర మాకు ఏనాడూ మాట అందకపోలేదు.

ఇస్త్రీ అన్న పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. ముంజేతుల మీద కాలిన మచ్చలు. మాట తక్కువ. ఎవరి బట్టలు ఎవరివో తెలియడానికి కాలరు లోపల సిరాతో గుర్తులు పెట్టేవాడు, చుక్కలు, గీతలు, ఇంటూ గుర్తులు, ఒక చిన్న నాగలి బొమ్మ కూడా ఉండేది. అవి అతను తప్ప ఇంకెవరూ చదవలేరు. వారానికోసారి రావాల్సిన ఎవరి బట్టలైనా రాలేదంటే, దుకాణం మూసి ఆ మనిషి గది దాకా నడిచి వెళ్ళి చూసి వచ్చేవాడు. అట్లా వెళ్ళబట్టే ఒకసారి తోటలో ఒంటరిగా జ్వరంతో మూసిన కన్ను తెరవకుండా పడి ఉన్న నిర్మల్ ఆయనను మోసుకొచ్చి దవాఖానాలో పడేశాడు. ఆ ఊళ్ళో పంచాయతీ ఆఫీసు లేదు, పోస్టాఫీసు లేదు, మనవాళ్ళ బాగోగులు కనుక్కునే అధికారి ఎవరూ లేరు. అన్న దగ్గరికి వచ్చిన మూటలే అతనికి హాజరు పట్టీ.

అయితే కాగితాల మీద అన్న ఇస్త్రీ చేసే మనిషి కాదు. అతని ఇఖామాలో, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డులో, ఉన్నది ఇంటి డ్రైవరు అని. అతని కఫీల్, అంటే అతన్ని తన పేరు మీద పిలిపించుకున్న యజమాని, ఆ ఊళ్ళోనే ఒక తోట ఉన్న విధవరాలు. పిల్లలు లేరు. దమ్మామ్‌లో ఉన్న ఆమె మేనల్లుడు ఆమె కాగితాలు చూసేవాడు. మేమంతా ఆమెను ఖాలా అనేవాళ్ళం, మా ఇళ్ళలో పిన్నిని పిలిచేదీ ఆ మాటతోనే కనుక నాకు అది కొత్తగా అనిపించలేదు. డెబ్బై దాటిన మనిషి, చెవి కొంచెం మందం, నోరు మాత్రం పదును. చేతికర్రతో తోటంతా తిరిగి ఏ చెట్టుకు నీళ్ళు అందలేదో కర్రతోనే చూపించేది. అన్న ఆమెను తెలుగులోనే అమ్మా అని పిలిచేవాడు, ఆమె ఆ పిలుపుకు పలికేది. పొద్దున్నే బట్టీలో దిగిన మొదటి రొట్టెలు ఆమెకు చేర్చడం, పికప్‌లో తోట చుట్టూ తిప్పడం, షుగరు పరీక్షకు ఉనైజాకు తీసుకువెళ్ళడం అతని పని. మిగిలిన పొద్దంతా ఇస్త్రీ దుకాణం. ఆ దుకాణం ఇంకో సౌదీ ఆయన పేరు మీద ఉండేది. ఆ రోజుల్లో అది ఎవరికీ తప్పుగా తోచలేదు. ఖాలాకు కూడా ఇంట్లో ఊరికే కూర్చునే మనిషి నచ్చడు, చేతనైన పని చేసుకోనీ అనేది. రంజాను నెలలో ఆమె ఇంటి నుంచి గోధుమ గంజి గిన్నె వీధి వీధంతా తిరిగేది, ఉపవాసం ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ అందేది.

అట్లా పదేళ్ళకు పైగా గడిచాక నితాఖాత్ అనే మాట వచ్చింది. కంపెనీలకు రంగులు వేశారట, పచ్చ, పసుపు, ఎరుపు అని, సొంత దేశంవాళ్ళకు ఇన్ని ఉద్యోగాలు ఇస్తేనే పచ్చ అట. మొదట్లో మా ఆయన నవ్వుతూ చెప్పారు, నేనూ నవ్వాను. తర్వాత నవ్వు పోయింది. ఎవరి పేరు మీద వచ్చినవాడు వాళ్ళ దగ్గరే పని చేయాలి, ఇఖామాలో రాసి ఉన్న పనే చేయాలి, లేకపోతే ఈ గడువులోగా కాగితాలు సరిచేసుకోవాలి, లేదా దేశం వదిలి పోవాలి అన్నారు. ఆ నెలల్లో మా ఇంటి మెట్టు ఖాళీగా ఉన్న రోజు లేదు. క్షవరశాల ఆయన సరిచేసుకోలేక వెళ్ళిపోయాడు. తోటల్లో మనవాళ్ళు తొమ్మిది మంది వెళ్ళిపోయారు. పోయేవాళ్ళు వచ్చి మెట్టు దగ్గర నిలబడి, పోయొస్తం చెల్లె అనేవారు, రారని నాకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు.

అన్న సంగతి రెండు రకాలుగా తేలవచ్చు. దుకాణం యజమాని అతన్ని తన పేరు మీదికి మార్చుకోవాలి, లేదా దుకాణం వదిలేసి అన్న ఖాలా డ్రైవరుగానే ఉండిపోవాలి. యజమాని రేపు మాపని గడువంతా గడిపేశాడు. ఒక శుక్రవారం అన్న మెట్టు మీద కూర్చుని నన్ను సలహా అడిగాడు. ఖాలాను విడిచిపోవద్దన్నా, దుకాణం మూసెయ్, పని తక్కువైనా భయం లేకుండా ఉంటావు అని చెప్పాను.  నాకు కూడ గదే మంచిగ అనిపిస్తంది చెల్లె అన్నాడు. గడువు ముగియడానికి ముందురోజు షట్టరు దించి తాళం వేశాడు. ఉతికినవీ, ఉతకనివీ, ఇంకా మనుషులు తీసుకుపోని మూటలు కొన్ని లోపలే ఉండిపోయాయి, నెమ్మదిగా ఒక్కొక్కటే ఇచ్చేద్దామనుకున్నాడు.

ఇక్కడి నుంచి చెప్పడం నాకు కష్టం. అయినా చెబుతాను.

మా పెద్దపాప ఉనైజాలో స్కూలుకు వెళ్ళేది. స్కూలు వార్షికోత్సవంలో తను పాట పాడాలి, అందరూ తెల్ల సల్వారు కమీజుల్లో రావాలని టీచరు చెప్పింది. పాపకున్న ఒకే తెల్ల జత అన్న దుకాణంలో చిక్కుకుపోయింది. దుకాణం మూసి ఎనిమిది రోజులైంది. వార్షికోత్సవం మర్నాడనగా, అన్న ఖాలా ఇంటి నుంచి వస్తుంటే పరదా పక్కకు జరిపి పిలిచాను. అన్నా, పాప బట్టలు లోపలే ఉండిపోయినాయి, రేపు కావాలంట అన్నాను.

అతను వీధికి అటూ ఇటూ చూశాడు. "ఉతికినయే గని ఇస్త్రీ కాలే చెల్లె. ఒక్క అర్ధగంట షట్టరెత్తి జేసి ఇస్త."

"చెకింగు తిరుగుతాండారంట కదన్నా. భయమైతే వద్దులే" అన్నాను.

ఆ మాటలోని 'అయితే' అన్న ముక్కను ఇన్నేళ్ళలో నేను ఎన్నిసార్లు వెనక్కి తీసుకున్నానో లెక్క లేదు. వద్దన్నా అని గట్టిగా అనలేదు. మా ఇంట్లోనూ ఇస్త్రీ పెట్టె ఉంది. ఉన్నవి ఉన్నట్టు ఇచ్చెయ్ అంటే తాళం తీసి, చెయ్యి పెట్టి, మళ్ళీ వేసేంత పని. అయితే అతను చేసిన మడత నాకు రాదు, మర్నాడు నలుగురిలో నా కూతురి బట్టలు కత్తిలా నిలబడాలనిపించింది. అంతే. దాని కన్నా పెద్ద కారణం ఏదీ లేదు.

సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక అతను షట్టరు సగం ఎత్తాడు. నేను వంటింట్లోకి వెళ్ళి చాయ్ పెట్టాను, బట్టలు ఇవ్వడానికి వచ్చినప్పుడు ఇద్దామని. చాయ్ మరగకముందే వీధిలో బండి ఆగిన చప్పుడైంది. కిటికీ సందులోంచి చూస్తే రెండు తెల్ల జీపులు. ఎవరూ అరవలేదు, ఎవరూ కొట్టలేదు. యూనిఫాంలో ఉన్న ఒకాయన వంగి షట్టరు కింద నుంచి లోపలికి చూసి ఏదో అన్నాడు. అన్న బయటికి వచ్చి జేబులోంచి ఇఖామా తీసి ఇచ్చాడు. ఆయన కార్డు చూశాడు, లోపలున్న బల్ల చూశాడు, తల అడ్డంగా ఊపాడు. జీపు ఎక్కే ముందు అన్న వెనక్కి తిరిగి దుకాణం వైపు చేయి చూపించి ఏదో చెప్పబోయాడు. ఆ తర్వాత మా కిటికీ వైపు చూశాడో లేదో నాకు తెలియదు. నేను పరదా వదిలేశాను.

కాసేపటికి మామ వచ్చి తలుపు తట్టాడు. చేతిలో పాప బట్టలు, మడతపెట్టినవి. "అమ్మా, వాణ్ని తీసకపోయినారు. ఇస్త్రీ పెట్టె ఆపమని చెప్తాండాడు పాపం, నేను పోయి ఆపి వచ్చినా" అన్నాడు. కమీజు ఇస్త్రీ అయింది. సల్వారు ఒక కాలు అయింది, రెండో కాలు కాలేదు.

మా ఆయన ఆ సాయంత్రమే ఖాలా దగ్గరికి పరుగెత్తారు. ఆమె దమ్మామ్‌లోని మేనల్లుడికి ఫోను చేయించింది. అతను, ఇప్పుడు ఎవరూ ఏమీ చేయలేరు అత్తా, ఇంకో డ్రైవరును పంపిస్తాను అన్నాడట. ఆమె ఫోను మా ఆయన చేతిలో పెట్టేసి, పొద్దున్నే బండి తీసుకురా, నువ్వూ నీ భార్యా నాతో రండి అంది. మర్నాడు మా పాప తెల్లబట్టలు వేసుకుని స్కూలు వ్యాను ఎక్కింది, ఆ రెండో కాలు నేనే ఇస్త్రీ చేశాను. నేను వస్తాను కదా అని అడిగింది. వస్తానన్నాను, ఆలస్యమవుతుందేమో అన్నాను. తర్వాత మేము ముగ్గురం అన్నను ఉంచిన బురైదాకు వెళ్ళాం.

ఆ ఆఫీసు గదిలో ఖాలా కూర్చున్న తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. కుర్చీ వేస్తే వద్దని, అధికారి బల్ల ముందు నేల మీద కూర్చుని, కర్ర అడ్డంగా ఒళ్ళో పెట్టుకుంది. ఆ అధికారి చిన్నవాడే, మర్యాదస్థుడు. లేచి నిలబడి, నువ్వు నాకు తల్లి లాంటిదానివి, పైన కూర్చో అని బతిమాలాడు. కాఫీ తెప్పించాడు. ఆమె తాగలేదు. వాడు నా డ్రైవరే, నా పేరు మీదే ఉన్నాడు, దొంగతనం చేయలేదు, పరాయి ఇంట్లో దూరలేదు, ఒక చిన్నపిల్ల బట్టలు ఇస్త్రీ చేశాడు, దానికి మనిషిని తరిమేస్తారా అని అడిగింది. చిన్నపిల్ల బట్టలు అన్నప్పుడు నా వైపు చూడలేదు. నేను నల్లని ముసుగులో తల వంచుకుని గోడ పక్కన నిలబడ్డాను. అధికారి కాగితం తిప్పి చూపించాడు. దుకాణం ఫలానా ఆయన పేరు మీదుంది, పని చేస్తూ దొరికాడు, నేను చూడనట్టు ఉండాలంటే ఈ కాగితం నా ముందుకు రాకుండా ఉండాల్సింది, వచ్చేసింది కదా ఉమ్మీ, అంటే అమ్మా, అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఆమె పోట్లాడేది. మధ్యాహ్నం దాకా అట్లాగే కూర్చుని, చివరికి కర్ర ఊతంతో తనే లేచింది.

మా ఆయనను మాత్రం అన్నను ఉంచిన చోటికి లోపలికి రానిచ్చారు, అన్న బట్టల సంచీ ఇవ్వడానికి. అన్న తన గురించి ఏమీ అడగలేదట. ముందు, అమ్మకు షుగరు మందులు అయిపోవస్తున్నాయని చెప్పాడట. తర్వాత, దుకాణంలో ఉన్న బట్టలు ఎవరివి వాళ్ళకు చేర్చాలి, రాసుకో అన్నాడట. మూడు చుక్కలంటే రొట్టెల ముసలాయన, అడ్డగీత మీద చుక్క అంటే దవాఖానా కాంపౌండరు, నాగలి అంటే నిర్మల్ ఆయన, అట్లా ఒక్కొక్క గుర్తూ చెబుతుంటే మా ఆయన చేతిలో ఉన్న ఆసుపత్రి చీటీ వెనక రాసుకున్నారు. నాలుగు రోజుల తర్వాత అతన్ని అక్కడి నుంచే విమానం ఎక్కించారు. పది వేళ్ళ ముద్రలూ తీసుకున్నారని, ఇక ఆ దేశానికి రానివ్వరని తర్వాత తెలిసింది.

మేము తిరుగు ప్రయాణంలో ఉనైజాలో స్కూలు దగ్గర ఆగాం. పాట అయిపోయింది. పాప స్టేజీ పక్కన నన్ను వెతుక్కుంటూ నిలబడి ఉంది.

ఆ శుక్రవారం నేనూ మా ఆయనా దుకాణం యజమానిని అడిగి తాళం తీయించి, చీటీ చూసుకుంటూ మూటలు విప్పాం. ఒక్కొక్కరే వచ్చి తమ బట్టలు తీసుకుపోయారు. ఎవరూ నన్ను ఒక్కమాట అనలేదు. అందరికీ తెలుసో, మామకొక్కడికే తెలుసో నేను అడగలేదు. కొన్ని గుర్తులకు మనుషులే లేరు, వాళ్ళు అప్పటికే ఎగ్జిట్ మీద, అంటే వీసా రద్దు చేసుకుని, వెళ్ళిపోయారు. క్షవరశాల ఆయన తెల్ల జుబ్బా, ఎవరిదో పెళ్ళికి కుట్టించుకున్నట్టున్న పట్టు చొక్కా, ఇంకా కొన్ని. వాటిని మూట కట్టి మా స్టోరుగదిలో పెట్టాం.

అన్న పోయాక ఊరు ఒక్కసారిగా మారిపోయిందని అనను, అట్లా చెబితే అబద్ధమవుతుంది. రొట్టెలు కాలాయి, తోటలకు నీళ్ళు పారాయి. కానీ ఎవరి బట్టలు రాలేదో చూసే మనిషి లేడు. ఆ చలికాలమే రేకుల గదిలో ఒకాయన గుండె ఆగి పోతే, రెండో రోజు దాకా ఎవరికీ తెలియలేదు. ఆ సంగతి వినగానే మామ నా వైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు. ఖాలాకు కొత్త డ్రైవరు వచ్చాడు, ఆమె మందం చెవికి అతని మాట అందక, ఆమె కసుర్లు అతనికి పడక నాలుగు నెలల్లో వెళ్ళిపోయాడు. నేను రోజూ సాయంత్రం వెళ్ళి ఆమె దగ్గర కూర్చునేదాన్ని. ఆమె ఆ అర్ధగంట మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం, నేను చెప్పబోతుంటే, నా మోకాలి మీద కర్రతో మెల్లగా తట్టి, ఖర్జూరాలు తిను అంది. మెట్‌పల్లి వైపు పోయేవాళ్ళెవరైనా ఉంటే అన్నకు ఖర్జూరాల డబ్బా పంపించేది. రెండేళ్ళు పంపించింది. మూడో ఏడు పంట కోతకు రాకముందే పోయింది. పొద్దున పోతే మధ్యాహ్నానికి మట్టి చేశారు. ఆడవాళ్ళం ఇళ్ళలోంచే చూశాం.

ఆ తర్వాత పన్నుల కాలం వచ్చింది. కుటుంబంలో తలకింత అని, ఏటేటా పెరుగుతుందని చెప్పారు. కంపెనీలు పనివాళ్ళ మీద కట్టాల్సింది వేరే. దాంతో మా వీధిలో ఆడవాళ్ళ గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ముందు హైదరాబాదు ఆవిడ, తర్వాత మామ భార్యా పిల్లలు, ఆ తర్వాత రాయచోటి వైపు నుంచే వచ్చిన మా పక్కింటి వాళ్ళు. మంచాలు, ఫ్రిజ్జులు వీధిలో పెట్టేవారు, కొనేవాళ్ళు లేక అవి ఎండకు అక్కడే నిలబడేవి. పిల్లలు లేక స్కూలు వ్యాను మా ఊరికి రావడం మానేసింది. చివరికి మిగిలింది మా కుటుంబమే. స్కూలు పరీక్షలు అయ్యాక నేను ఇద్దరు పిల్లలతో ఎగ్జిట్ మీద వచ్చేశాను. సర్దుకునేటప్పుడు స్టోరుగదిలోని ఆ బట్టల మూట ఏం చేయాలో తోచక మామకు అప్పగించాను. మా ఆయన ఇంకో రెండేళ్ళు రేకుల గదిలో ఉండి, కంపెనీ మనుషులను తగ్గించినప్పుడు ఇంటికి చేరారు. మామ కొట్టు కూడా ఆ సంవత్సరమే మూతపడింది.

నిజామాబాదులో చుట్టాల పెళ్ళికి వెళ్ళినప్పుడు నేను పట్టుబడితే మా ఆయన నన్ను అన్న ఊరికి తీసుకువెళ్ళారు. ఫోను చేయకుండానే వెళ్ళాం, చేస్తే నేను వెనక్కి తగ్గుతానేమోనని. అన్న ఒక ఫంక్షన్ హాలు దగ్గర వాచ్‌మనుగా ఉన్నాడు, మేము వచ్చామని కబురందాక ఇంటికి వచ్చాడు. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి మొదట గుర్తుపట్టలేదు, ఎందుకంటే అన్నేళ్ళూ అతను నా ముఖం పూర్తిగా చూసి మాట్లాడలేదు. గొంతు విన్నాక, చెల్లె అన్నాడు. అతని భార్య వాకిట్లో బీడీలు చుడుతూ ఉంది. లేచి మాకు చాయ్ ఇచ్చి, మళ్ళీ చాటముందు కూర్చుంది. మేము ఉన్నంతసేపూ తల ఎత్తలేదు. నేను ఎవరో ఆమెకు తెలుసని నాకు అర్థమైంది.

నేను అప్పుడే చెప్పేశాను. ఆ రోజు నేను అడగకపోయి ఉంటే నువ్వు ఇంకా అక్కడే ఉండేవాడివన్నా, నా వల్లే జరిగింది అన్నాను. కాదంటాడనే అనుకున్నాను, మనిషి స్వార్థం అట్లాంటిది.

అన్న కాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు. "అవును చెల్లె" అన్నాడు. "నువ్వు ఆ దినం అడగకుంటె ఇంకో దినం ఇంకెవలో అడుగుతుండిరి. నాకు లేదని చెప్పుడు రాకపాయె."

ఆ తర్వాత అమ్మ ఎట్లున్నది అని అడిగాడు. ఖాలా పోయిందని అతనికి ఎవరూ చెప్పలేదు. ఖర్జూరాలు రావడం మానేస్తే, పంపే మనుషులు దొరకడం లేదేమో అనుకున్నాడట. మా ఆయన చెప్పారు. అన్న లేచి ఇంటి వెనక్కి వెళ్ళాడు. బీడీలు చుట్టే చప్పుడు ఆగిపోయింది. అతని భార్య అప్పుడు మొదటిసారి తల ఎత్తి, నా వైపు కాదు, అతను వెళ్ళిన వైపు చూసింది. అన్న తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చి, అన్నం దిని పోర్రి అన్నాడు. తిన్నాం. ఉప్పు ఎక్కువైందో తక్కువైందో నాకు తెలియలేదు.

ఇప్పుడు ఆ ఊళ్ళో మనవాళ్ళెవరూ లేరని ఉనైజాలో ఇంకా ఉన్న ఒకాయన చెప్పాడు. ఆరు షట్టర్లలో తెరిచి ఉన్నది ఒకటేనట, మిగిలినవి ఇసుక పేరుకుని తుప్పు పట్టాయట. ఫోనులో నొక్కితే సామాను ఉనైజా నుంచే వస్తుందట. ఆ దేశం తన మనుషులకు తను పని చూపించుకుంది, అందులో తప్పేముందని మా ఆయన అంటారు, నేనూ కాదనను. మనం ఇంకొకరి పేరు మీద, ఇంకొకరి గడువులో బతికినవాళ్ళం. కానీ ఆ వీధిలో మేమంతా ఒకరినొకరు కనిపెట్టుకుని ఉన్నామన్నది ఏ కాగితంలోనూ లేదు, మేమిద్దరం పోయాక ఎవరి నోటా ఉండదు. ఇక్కడ సొంత ఊళ్ళో, సొంత ఇంట్లో, మా పక్కింట్లో ఎవరున్నారో నాకు సరిగా తెలియదు.

మా ఆయన ఇప్పటికీ రోజూ పొద్దున్నే ఫోను తీసి ఉనైజాలో వాతావరణం చూస్తారు. ఈరోజు అక్కడ నలభై ఆరు అంటారు, లేదా గాలిదుమ్ము ఉందంటారు. నేను ఊఁ అంటాను. మనకెందుకని ఆయనను నేను అడగలేదు, ఎందుకు వింటావని నన్ను ఆయన అడగలేదు.